సంతోషి ఎడమ చెవి

గోదావరిఖనిలో అన్‌ఫిట్ అంటే శుభవార్త. బొగ్గుబాయిలో దిగే మనిషి ఆరోగ్యం పాడై ఇక పని చెయ్యలేడని కంపెనీ మెడికల్ బోర్డు తేలిస్తే, అతని డ్యూటీ కొడుక్కో బిడ్డకో వస్తుంది. అందుకని ఫలానా మనిషి అన్‌ఫిట్ అయ్యాడన్న కబురు రాగానే ఆ ఇంటివాళ్లు స్వీట్లు పంచుతారు, చుట్టాలు ఫోన్ చేసి మరీ సంబరపడతారు. ఫిట్ అని రాశారంటే మాత్రం ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. లోకమంతా ఒక తీరు, మా కోల్‌బెల్టు ఒక తీరు.

అలాంటి ఊరికి సదానందం బిడ్డ సంతోషి బతుకమ్మ పండుగ ముందర అన్‌ఫిట్ అయి వచ్చింది.

సంతోషికి పద్దెనిమిది నిండాయి. పైలట్ చదువు చదువుతోంది. సర్కారు ఫీజు కట్టే సీటు దొరికితే మహారాష్ట్రలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరింది. పక్కన సారు కూర్చుంటే చిన్న విమానాన్ని లేపడం, తిప్పడం, దించడం నేర్చుకుంది. ఇక ఒంటరిగా ఎగరడమే తరువాయి. సరిగ్గా అప్పుడే జలుబు చేసింది. చెప్తే ఆ వారం ఎగరనివ్వరని నోరు మూసుకుంది. విమానం కిందికి దిగుతుంటే ఎడమ చెవిలో టప్పుమంది, నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి. పైలట్లను పరీక్షించే డాక్టరు చెవిలో లైటు పెట్టి చూసి, కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు. ప్రస్తుతానికి అన్‌ఫిట్ అని రాసి, ఇంటికి పోయి చెవిని ఆరనివ్వమన్నాడు. డిసెంబరు ఆఖరుకల్లా ఫిట్ అనిపించుకుని రాకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

ఇంటికొచ్చిన మర్నాడే పక్క క్వార్టర్ సారవ్వ గోడ మీదుగా పలకరించింది.

"అన్‌ఫిట్ అయినవట గద బిడ్డా. మంచిదేనాయె. మరి నీ డ్యూటీ ఎవలకిస్తరు?"

సంతోషికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సారవ్వ ఎగతాళికి అనలేదు పాపం, ఆమెకు తెలిసిన లెక్క అదే.

ఇక ఆ పిల్ల బతుకంతా ఆ చెవి చుట్టూనే తిరిగింది. పొద్దున లేవగానే దూది తీసి చూసుకోవడం, తడి కనిపిస్తే ఆ రోజంతా ముఖం మాడ్చుకోవడం. తలస్నానం వద్దు, గట్టిగా చీదొద్దు, చలిగాలికి పోవద్దు. కార్తీకం వచ్చింది. మంచులో బొగ్గు దుమ్మూ కరెంటు ప్లాంటు పొగా కలిసి, పొద్దెక్కినా ఎదురు లైను క్వార్టర్లు కనిపించేవి కావు. సంతోషి కిటికీ దగ్గర నిలబడి ఎంత దూరం కనపడుతోందో అంచనా కట్టేది. ఇయ్యాల ఎగరనియ్యరు అనుకునేది, అక్కడికి ఎవరో ఆమెను ఎగరమన్నట్టు. మంచు విడిచాక ప్లాంటు చిమ్నీ పొగ ఎటు వాలుతోందో చూసి గాలి ఎటు నుంచో చెప్పుకునేది. తర్వాత ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్లు మూసుకుని, ఇంజను పెంచడం దగ్గర్నుంచి చక్రాలు నేలకు తగలడం దాకా చెయ్యాల్సినవన్నీ వరుసగా గొణుక్కునేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి కిటికీ అద్దాలు అదిరితే గబుక్కున చెవి మూసుకునేది.

తల్లి జమునది ఇంకో రంధి. "ఎల్లిగడ్డ నూనె కాగబెట్టిన. రెండు సుక్కలు పోస్తె రేపటికల్ల తక్కువైతది, రా."

"చిల్లువడ్డ చెవిల నూనె పోస్తరా అమ్మా? చుక్క నీళ్లు గూడ తగలొద్దన్నడు డాక్టరు."

"డాక్టర్లు గట్లనే అంటరు. నీకు చిన్నప్పుడు పొయ్యలేదా? మీ బాపుకు పొయ్యలేదా?"

ఇట్లా రోజూ తల్లీబిడ్డలకు ఒక కొట్లాట. నూనె గిన్నె చల్లారిపోయేది, చెవి మాత్రం ఆరేది కాదు.

ఒకరోజు ఫ్లయింగ్ స్కూల్లోని రూమ్మేటు బుష్రా ఫొటో పంపింది. మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినవాళ్ల మీద బకెట్లతో నీళ్లు గుమ్మరించడం అక్కడి ఆనవాయితీ. బుష్రా తడిసి ముద్దయి, పళ్లన్నీ కనపడేటట్టు నవ్వుతోంది. ముబారక్ అని పంపించి సంతోషి ఫోను బోర్లా పెట్టింది. అసూయ అనండి, ఏడుపు అనండి, రెండూ ఉన్నాయి. ఇద్దరూ ఒకేనాడు చేరారు మరి. ఇప్పుడు ఆమె ఆకాశంలో ఉంది, ఈమె దూది మారుస్తూ కూర్చుంది.

సదానందం ఇదంతా చూస్తూనే ఉన్నాడు. మాటలు తక్కువ మనిషి. పెండ్లికి ముందు నుంచీ బాయిలో దిగుతున్నాడు, ఎక్కుతున్నాడు, అదే ఆయన చరిత్ర అంతా. ఒకనాడు పొద్దటి షిఫ్టు దిగి వచ్చి, ఛాయ్ తాగుతూ, "నేను బోర్డుకు పెట్టుకున్న" అన్నాడు.

"ఏం బోర్డు బాపూ?"

"మెడికల్ బోర్డు. అన్‌ఫిట్ అయితె డ్యూటీ నీకొస్తది. నీ విమానం అయితె అయింది, కాకుంటె ఇదన్న ఉంటది గద."

"నన్నడగకుంటనే పెట్టినవా?"

"అడిగితె నువ్వొద్దంటవని."

"నీకేం రోగమున్నదని అన్‌ఫిట్ చేస్తరు?"

"ఏదో ఒకటి చెప్పుకుందం తియ్యి. ఆగయ్యన్న ఉన్నడు గద."

ఆగయ్య గురించి ఒక మాట చెప్పాలి. మోకాళ్లు పోయాయని బోర్డు చేత అనిపించుకుని, కొడుకును డ్యూటీలో పెట్టి, ఇప్పుడు అవే మోకాళ్లతో రోజూ సైకిలు తొక్కుతూ మార్కెట్‌కు పోయొచ్చే మనిషి. బోర్డుకు పోయేవాళ్లకు ఉచితంగా చదువు చెప్తాడు. మర్నాటి నుంచి సదానందం ముందరి గదే ఆయన బడి అయింది.

"నాలుగడుగులేసి ఆగు. గోడ వట్టుకో. గట్ల గాదు, పడిపోతున్నట్టు వట్టుకో. దగ్గు గొంతుల నుంచి గాదు, కడుపుల నుంచి రావాలె."

సదానందం దగ్గాడు. వంగిపోయి, కళ్లలో నీళ్లొచ్చేదాకా దగ్గాడు.

"శెభాష్!" అని ఆగయ్య తొడ చరిచాడు. "గింత మంచిగ ఇప్పటిదాక ఎవ్వడు దగ్గలే!"

అందరూ నవ్వారు. లోపలి గదిలో సంతోషి కూడా నవ్వింది. ఒకే ఇంట్లో తండ్రి అన్‌ఫిట్ కావడానికి కసరత్తు, బిడ్డ ఫిట్ కావడానికి కసరత్తు. చూసేవాళ్లకు తమాషాగానే ఉండింది. ఆగయ్య వెళ్లిపోయాక కూడా పెరట్లో నల్లా దగ్గర గోడ పట్టుకుని నిలబడిన తండ్రిని సంతోషి ఒకటి రెండుసార్లు చూసింది. బాపు గట్టిగానే సాధన చేస్తున్నాడు అనుకుంది. అంతకు మించి అనుకోలేదు. ఆమె ధ్యాసంతా ఆ చెవి మీదాయె.

సదానందం బోర్డుకు పోయి వచ్చిన వారానికి కబురు తెలిసింది. అన్‌ఫిట్.

ఇక చూడాలి. జమున పటాలకు దండం పెట్టి, కాలాజామూన్ డబ్బాలు తెప్పించింది. సారవ్వ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆగయ్య అయితే తానే పాసైనట్టు వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ, వచ్చిన ప్రతివాడికీ ఆ దగ్గు సంగతే చెప్పాడు. సదానందం నవ్వుతూ ఒక ముక్క తెచ్చి బిడ్డ నోట్లో పెట్టాడు. సంతోషి దాన్ని అరచేతిలోకి తీసుకుని పక్కన పెట్టేసింది. అన్‌ఫిట్ అన్న మాట ఆమెకు ఇంకో తీరుగా చెప్పి ఉన్నారు. లైటు పెట్టి చూసి, ముఖం గంభీరంగా పెట్టుకుని చెప్పారు. అందరూ వెళ్లేదాకా ఆగి, పెరట్లోకి తీసుకుపోయి అడిగింది.

"ఏమని రాసిండ్రు బాపూ?"

"ఊపిరితిత్తులని. బొగ్గు దుమ్ము పేరుకున్నదట. ఎక్సురే పోటువ చూపిచ్చిండ్రు."

"తగ్గుతదా?"

"ఇంక పెరగకుంట మందులిస్తమన్నరు."

"మరి నువ్వు ఆగయ్య కాక చెప్పినట్టే చేసినవా అక్కడ?"

సదానందం వంటింటి వైపు చూశాడు. జమున గిన్నెలు కడుగుతోంది. గొంతు తగ్గించి అన్నాడు.

"యాడ జేసిన బిడ్డా? ఆడికి పోయినంక ఆయన చెప్పినయి ఒక్కటి యాదికి రాలే. మామూలుగనే నడిసిన. మామూలుగనే దగ్గిన. అమ్మకు చెప్పకు."

సంతోషి చెప్పలేదు. ఎవరికి చెప్పాలి? చెప్తే ఎవరు ఏం చేస్తారు? ముందరి గదిలో తామంతా నవ్విన నవ్వు గుర్తొచ్చి తన మీద తనకే ఒళ్లు మండింది.

డ్యూటీ మానేశాక సదానందం ఇంటిపట్టునే ఉండసాగాడు. బాయి పని ఉన్నన్నాళ్లూ ఆయాసాన్ని ఎక్కడ దాచాడో గాని, ఇప్పుడు బనీను వేసుకోవడానికి కూడా మంచం మీద కూర్చోవాల్సి వచ్చింది. ఇల్లు కంపెనీది. ఆ ఇంట్లో ఎవరో ఒకరు డ్యూటీ చేస్తేనే క్వార్టర్ ఉంటుంది, కంపెనీ దవాఖాన ఉంటుంది, మందులు ఉంటాయి. సంతోషి ఒక్కతే బిడ్డ. నువ్వు విమానం మానెయ్యి అని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరమే లేకుండా పోయింది. చుట్టాలు ఫోన్ చేసి, ఏ బాయిల ఏస్తరట అని అడుగుతున్నారు.

మార్గశిరం రాగానే ఆమెను కంపెనీ దవాఖానకు పరీక్షకు రమ్మన్నారు. కొత్తగా చేరేవాళ్లు ఫిట్‌గా ఉంటేనే తీసుకుంటారు. అక్కడ చెవులు కూడా చూస్తారని తెలియగానే సంతోషి బుర్రలో ఒక ఆలోచన మెదిలింది. ఎంత తోసేసినా పోలేదు. చెవి చిల్లు చూసి వీళ్లు వద్దంటే? అప్పుడు తన తప్పేం లేదు. చెవి మానేదాకా ఆగి, బుష్రా దగ్గరికి పోవచ్చు. మరి బాపు మందులో? ఆ ప్రశ్న దగ్గర ఆలోచన ఆగిపోయేది, మళ్లీ మొదటికొచ్చేది. తండ్రి ఊపిరితిత్తులు ఇచ్చి తెచ్చిన డ్యూటీని చెవి చూపించి వదిలించుకోవాలనుకోవడం పాపమే. కాని ఆ పిల్లకు ఇంకో దారి ఎవరు చూపించారు?

ఆ రోజు పొద్దున దూది తీసి చూస్తే పొడిగా ఉంది. నాలుగైదు రోజులుగా అట్లాగే ఉంటోంది. చెవి తడిగా ఉంటే బాగుండునని సంతోషి మొదటిసారి కోరుకుంది.

వద్దన్నా సదానందం వెంట వచ్చాడు. వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాడు. లోపల డాక్టరమ్మ కళ్లు చూసింది, గుండె చూసింది, బీపీ చూసింది. చెవుల దాకా రాకముందే సంతోషి అంది.

"మేడం, నా ఎడమ చెవిల చిల్లున్నది. సరిగ్గ ఇనవడది."

"ఈడికొచ్చినోళ్లు ఉన్న రోగం దాస్తరు. నువ్వేందమ్మా అడగకముందే చెప్తున్నవు?" అంటూ డాక్టరమ్మ ఆమె కుడి చెవి వేలితో మూసింది. ఎడమ చెవి వెనక నిలబడి, పెదవులు కదిలీ కదలనట్టు గుసగుసగా అడిగింది. "సదానందం బిడ్డవా?"

"అవును మేడం" అనేసింది సంతోషి.

అన్నాక నాలుక కరుచుకుంది. డాక్టరమ్మ నవ్వాపుకుంటూ లైటు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"చిల్లు ఉండె, నిజమే. ఇప్పుడు లేదు. కొత్త పొర కట్టి పూర్తిగ మూసుకపోయింది. ఎవరో మంచిగ చూసుకున్నరు."

సంతోషి గుండె ఒక్కసారిగా ఎగిసింది. ఎక్కడున్నదీ ఎందుకొచ్చిందీ అంతా మరిచిపోయింది. ఇన్నాళ్ల దూదీ, చలీ, అమ్మతో కొట్లాటా, ఏదీ వృథా పోలేదు. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నిజంగనా మేడం? అయితే నేను ఎగరొచ్చా?"

"ఎగురుడేంది బిడ్డా?" అంది డాక్టరమ్మ, కాగితం ముందుకు లాక్కుంటూ. "బాయి దిగుమన్నా దిగొచ్చు. ఫిట్."

సంతోషి మళ్లీ కూర్చుంది. డాక్టరమ్మ ఇంకా ఏదో చెప్తోంది. రెండు చెవులూ శుభ్రంగా వినపడుతున్నాయి.

బయటికి రాగానే సదానందం బెంచీ పట్టుకుని లేచాడు. "ఏమాయె?"

"ఫిట్ బాపూ."

ఆయన ముఖం వెలిగిపోయింది. వెంటనే ఏదో గుర్తొచ్చి ఆగాడు. "మరి చెవి? చెవి చూడలేదా?"

"చూసిండ్రు. తక్కువైందట."

"మొత్తంకే?"

"మొత్తంకే."

సదానందం నవ్వు అట్లాగే ఉండిపోయింది గాని కళ్లు నేలకు దిగాయి. "అయితె నువ్వు..." అని మొదలుపెట్టి, దగ్గు తెర అడ్డం పడి వంగిపోయాడు. దగ్గు తగ్గాక కూడా ఆ మాట పూర్తి చెయ్యలేదు. సంతోషి ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని, "గేటు కాడ ఆటో ఉన్నది. మెల్లగ నడువు బాపూ" అంది.