వదులన్నాడు, వదల్లేదు

నేను ఒక తాడుని. కొండలెక్కే జాతి, నారింజ రంగు, అరవై మీటర్ల పొడుగు. యంత్రం నన్ను మెలికలు పెట్టే పేనింది గనుక నా మాటల్లోనూ మెలికలుంటాయి, సర్దుకోండి.

విశాఖలో జాగ్రఫీ లెక్చరర్ భానోజీరావు నన్ను కొన్నాడు. ఆయనా, ఆయన జోడీ పైడిరాజూ నా చెరో కొసా నడుముకు కట్టుకుని ఆరేళ్లు కొండలెక్కారు. నలభై ఏడో ఏట పైడిరాజు ఎవరికో మూడు ముళ్లు వేసి నా ముడి విప్పేశాడు. భానోజీరావు మోకాళ్లకేమో డాక్టరు ఇంకొక్క కొండే మంజూరు చేశాడు. అది ఆల్ప్స్‌లోనే కావాలని ఆయనది పట్టు, నాది నైలాను.

కొత్త జోడీగా నిజామాబాద్ డ్రిల్లు టీచరు హైమావతి వచ్చింది. పేరులోనే హిమం ఉందని ఆయన మురిసిపోయాడు.

స్విట్జర్లాండ్‌లో ఆ పొద్దున మంచు మెరుపుకి నా తల తిరిగింది. నాకు రెండు కొసలు కదా, రెండు తలలూ తిరిగాయి. శిఖరం ఇంకో పదడుగులు. గుట్ట అవతల పైన ఆయన, ఆయనకు కనపడకుండా ఇవతల కింద ఆమె, నన్ను కొంచెం కొంచెం అందిస్తూ. తాడు చాలక ఆయన "వదులు" అని కేకేశాడు. కాస్త వదులు చెయ్యమని, పైడిరాజుతో అలవాటైన మాట. కొత్త జోడీకి చెప్పడం మరిచాడు. పెద్దాయన జారిపోతూ, తనను వదిలేసి బతకమంటున్నాడనుకుంది హైమావతి.

"నేనిడువ సార్."

"వదులమ్మా, వదులు."

"సస్తె ఇద్దరం సద్దాం గని ఇడువ."

ఆయన లాగాడు, ఆమె బిగబట్టింది. తెగేదాకా లాగొద్దని సామెత చెప్పుకునే మనుషులే, నడుమ ఉన్నది నేనని మరిచారు. వ్యవహారం తాడోపేడో దాకా వచ్చింది. అంత ఎత్తులో పేడ దొరకదు గనుక భారమంతా తాడు మీదే పడింది.

అంతలో ఆయన కాళ్ల కింది మంచు అంచు విరిగి లోయలోకి పోయింది. ఆయన పోలేదు. అడుగున్నర జారి ఆగాడు. ఆమె ఆ మాట విని ఉంటే అరవై మీటర్లూ జారేవాడు.

పాక్కుంటూ పైకొస్తూ, "హైమగారూ, అలాగే పట్టుకోండి, వస్తున్నాను" అన్నాడు. గారు అనడం అదే మొదలు.

శిఖరం మీద ఆయన "వదులు"కు అర్థం విడమరిస్తే ఇద్దరూ మంచులో పడి నవ్వారు. నవ్వి నవ్వి ఆమె కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"మరి నిజంగ ఇడువుమనాలంటె ఏమంటరు సార్?"

ఆయన ఆలోచించాడు. "దానికి మాట పెట్టుకోలేదమ్మా."

ఆ లాగులాటలో రాతికి ఒరుసుకుని నా పైతొడుగు చీలింది. చీలిన తాడుని మళ్లీ నమ్మకూడదట. ఇప్పుడు భానోజీరావు ఇంట్లో గోడకు నేను చుట్ట. ఆ ఇంటికి హైమావతి చుట్టం.