కూర్మమ్మ వంటిల్లు: ఉద్యోగులు ఇద్దరు

ఉద్యోగాల సైటులో "ప్రస్తుతం ఎక్కడ పనిచేస్తున్నారు?" అన్న గడి ఖాళీగా వదిలేస్తే పేజీ ముందుకు కదలదు. బీకాం చదివి, ఇరవై రెండేళ్ళుగా నేను పనిచేస్తున్న చోటుకి ఏం పేరు చెప్పను? గజపతినగరంలో మా ఇంటి గ్యాసు పుస్తకం ఇప్పటికీ మా అత్త కూర్మమ్మ పేరు మీదే ఉంది. ఆవిడ పోయి మూడేళ్ళయినా సిలిండరు తెచ్చే మనిషి గుమ్మంలో "కూర్మమ్మగారూ!" అని కేకేస్తాడు. నేను పలుకుతాను. అంచేత ఆ గడిలో "కూర్మమ్మ వంటిల్లు" అని కొట్టాను.

ఆ సైటులో ప్రతి కంపెనీకీ ఒక పేజీ ఉంటుంది. అక్కడ పనిచేసినవాళ్ళు తమ పేరు చెప్పకుండా ఉన్నదున్నట్టు రాస్తారు. అవి చదవాలంటే ముందు మన వివరాలివ్వాలి. నాకు విజయనగరంలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. గురువారం పదింటికల్లా చేరకపోతే ఇంకొకరిని పిలుస్తామన్నారు. చేరేముందు అదెలాంటి చోటో చూద్దామని నా ఆశ. "ఫ్యాను ఉంది, తిరగదు. మేనేజరు తిరుగుతాడు" అని ఒకరు రాశారు. ఫరవాలేదు, ఇంట్లో నేను చూసినవి అంతకంటే ఎక్కువే.

అసలు భయం వేరే. అత్త పోయాక రెండుసార్లు ఉద్యోగంలో చేరబోయాను. మొదటిసారి, బయల్దేరే పొద్దున గంజి వారుస్తుంటే చెయ్యి కాలింది. రెండోసారి, నేను లోపలుండగానే వంటింటి గొళ్ళెం దానంతటదే పడి బిగుసుకుపోయింది. మా ఆయన యుగంధర్ వడ్రంగిని తెచ్చేసరికి పదకొండయింది. ఆ రెండు ఉద్యోగాలూ వేరేవాళ్ళకి పోయాయి.

సైటువాళ్ళు నేను కొట్టిన పేరుని నిజమనుకుని దానికీ ఒక పేజీ తెరిచారు. "ఉద్యోగులు: 1. అభిప్రాయాలు: 0." ఆ సున్నా చూస్తే జాలేసింది. రాసి పెట్టాను: "సెలవులు యజమాని ఇష్టం. యజమాని ఎవరో ఎవరికీ తెలియదు. క్యాంటీను ఉంది, మనమే వండాలి."

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలు బోర్లించి మళ్ళీ చూశాను. "ఉద్యోగులు: 2. అభిప్రాయాలు: 2."

రెండోది ఇలా ఉంది: "నలభయ్యొక్క యేళ్ళు సేసినాను. పొయ్యి మంచిదే. కొత్తగా సేరిన మనిసి సోడంబలిలో ఉప్పు ముందేసేస్తాది. ఉండలు కడతాది. సెప్పినా ఇనదు."

దాని కింద సైటు చేర్చిన మాట: ప్రస్తుత ఉద్యోగి.

మా అమ్మాయి ఉషని పిలిచాను. "ఇది నీ పనేనా?"

"రాగంబలి ఎలా కాస్తారో నాకు తెలిస్తే కదమ్మా!"

ఆ మాట నమ్మక తప్పలేదు. సాయంత్రం యుగంధర్‌కి చూపించాను. "ఏటే, మా అమ్మకి సంతకమే రాదు కదా!" అన్నాడు.

"పోయాక చదువుకుందేమో," అన్నాను. ఆయన నవ్వబోయి, వంటింటి వైపు చూశాడు.

బుధవారం చేపల బుల్లమ్మ వచ్చింది. భోగాపురం వైపు నుంచి తట్టతో వచ్చే మనిషి, అత్తకి ముప్ఫై ఏళ్ళ నేస్తం. ఆవిడకి చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. పొలుసు గీకుతున్న కత్తి ఆగిపోయింది.

"ఓలమ్మ! అది కూర్మమ్మే. అవునే రేకమ్మా, నీకు తెడ్డు సేతికిచ్చే పోనాదా మీ అత్త?"

మా ఇళ్ళలో పుట్టింటికెళ్ళినా, పురిటికెళ్ళినా పొయ్యి వదిలే ఆడది అంబలి తెడ్డు కింద పెట్టదు. పొయ్యి దగ్గర నిలబడి "ఇదిగో" అని తర్వాతి మనిషి చేతికిస్తుంది. ఆ మనిషి "తీసుకున్నాను" అనాలి. ఆ రోజు అత్త అంబలి కలుపుతూ, తెడ్డు కుండలోనే వదిలి, "సూస్తుండు, వస్తాను" అని పెరట్లోకి వెళ్ళింది. అక్కడ పడిపోయింది. ఆస్పత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. అంబలి మాడుతోందని తెడ్డు నేనే తీసుకున్నాను.

"మరింకేటి? ఆవిడ డ్యూటీ దిగనేదు. సూస్తుండమన్నాది, నువ్వు సూస్తన్నావు. వొదిలేసి ఎలిపోతానంటే ఎలా ఎల్నిస్తాది?"

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"ఆవిడది ఆవిడికిచ్చీ. ఆ సేప ఇలా తే," అంది, ఏమీ జరగనట్టు.

నేను చదువుకున్నదాన్ని. అందుకని బుల్లమ్మ చెప్పినదానితోపాటు నా జాగ్రత్త నేనూ తీసుకున్నాను. ఆ సాయంత్రమే యుగంధర్ చేత వంటింటి గొళ్ళెం ఊడదీయించి, కాగితంలో చుట్టి, నా హ్యాండ్‌బ్యాగులో పడేసుకున్నాను.

గురువారం పొద్దున అంబలి కాశాను. ఉప్పు ఆఖర్న వేశాను. ఎనిమిదింపావుకి బస్సు. పట్టుచీర కాదుగానీ మంచి చీరే కట్టుకుని, పొయ్యి పక్కన ఖాళీ చోటుకి తెడ్డు చాపి, "ఇదిగో అత్తా," అన్నాను.

ఏమీ కాలేదు. చెయ్యి నొప్పెట్టింది. తెడ్డు కింద పెట్టకూడదు, పట్టుకుంటే బస్సు పోతుంది. ఉష చూస్తే జన్మంతా వెక్కిరిస్తుందని కళ్ళు మూసుకుని మళ్ళీ అన్నాను. "ఇదిగో. నీ పని నువ్వు చేసుకో. నేను వెళ్ళాలి."

అప్పుడు అవతలి కొస కాస్త బరువెక్కింది. అవతలివాళ్ళు పట్టుకున్నాక మనం వదలొచ్చని తెలిసేంత బరువు. వదిలేశాను. పడిన చప్పుడు రాలేదు. కళ్ళు తెరవకుండానే తిరిగి, గుమ్మం తడుముకుంటూ బయటికొచ్చాను.

పదికి ఐదు నిమిషాలుండగా చేరాను. ఫ్యాను నిజంగానే తిరగలేదు. భోజనాల వేళ ఫోను తీసి చూశాను. "కూర్మమ్మ వంటిల్లు. ఉద్యోగులు: 1." నా అభిప్రాయం పక్కన "మాజీ ఉద్యోగి" అని ఉంది. నేనేమీ మార్చలేదు.

ఆరింటికి ఇల్లు చేరాను. యుగంధర్ వరండాలో మూతి తుడుచుకుంటున్నాడు. "మధ్యాహ్నం వచ్చి వండి వెళ్ళావా? అంబలి ఇన్నాళ్ళకి కుదిరింది. ఒక్క ఉండ లేదు," అన్నాడు.

ఆకలి దంచేస్తోంది. కంచం తెచ్చుకుందామని వంటింటి తలుపు తోశాను. కదల్లేదు. గట్టిగా తోశాను. లోపల గొళ్ళెం గలగలమంది.

హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టాను. కాగితం పొట్లం చల్లగా, బరువుగా అక్కడే ఉంది.

పరాయింటి తలుపు తట్టినట్టు మెల్లిగా రెండుసార్లు తట్టాను.

లోపల తెడ్డు ఆగింది.

"ఏటి?" అంది.