మధ్యాహ్నపు పట్టపరీక్ష

చండభానుకిరణసంతప్తమై కరఁగిన సీసమువలె మెఱయుచున్న తూర్పుసముద్రమున కెదుర, రంగులరాట్నముల కోలాహలమును వేయించిన సెనగల కమ్మతావియు నొక్కపెట్టున నెగయుచుండ, గ్రీష్మమధ్యాహ్నమున విద్యావినోదవనము జనాకీర్ణమై యుండెను. అది సగము విశ్వవిద్యాలయము, సగము విహారస్థలము. చదువును వేడుకను నొక్క కాఁడికిఁ గట్టిన యధికారుల బుద్ధివైభవము నేమని పొగడుదును! గాజుగోడల తరగతులలో నిజమైన యాచార్యులు నిజమైన విద్యార్థులకు బోధించుచుండ, బొమ్మరైలులోఁ బోవు యాత్రికులు వారినిఁ జూచి చేతు లూపుచుందురు.

అందు సముద్రశాస్త్రాచార్యుఁడు విశ్వపతిశాస్త్రి. ఆయన శిష్యురాలు ఉమామంజరి జాలరిపల్లెలోఁ బుట్టి యాఱేండ్లు ఆటుపోటులను బరిశోధించిన ధీమతి. పట్ట మొక్కటి చేతికి వచ్చినచో నామెకు రేవునం దుద్యోగము సిద్ధముగా నుండెను.

పట్టపరీక్షలు సయితము ప్రేక్షకుల యెదుటనే జరుగవలెనని యచ్చటి నియమము. శాస్త్రిగారికో, శిష్యుల గర్వ మణఁచుటకై కడపటి ప్రశ్నను వారెఱుఁగనిదానినే యడిగి, వారు తెల్లఁబోయిన పిదప నవ్వి పట్ట మిచ్చు నాచారము గలదు. అట్లే యడిగెను. ఉమామంజరి యుత్తర మెఱుఁగక భోరున నేడ్చెను. మూఁడువందలమంది చప్పట్లు చఱచిరి! ఆచార్యుఁడు నోరు తెఱచులోపలనే వనాధ్యక్షుఁడు లేచి "పరీక్ష మఱల రేపు" అని ప్రకటించెను. ఆయన సంతకము లేక పట్టము చెల్లదు. ఆ రేపు రెండేండ్లు సాగెను. ప్రతిదినము మధ్యాహ్నమున గంట మ్రోఁగును, అధ్యక్షుని యాజ్ఞచొప్పున నామె యుత్తర మెఱుఁగనట్లు నటించి యేడ్చును. అటు విద్యార్థినియుఁ గాక యిటు విదుషియుఁ గాక ఆ పిల్ల రెంటికిఁ జెడిన రేవడి యయ్యెను. చేతులు కాలిన పిదప నాకులు పట్టుకొన్నట్లు శాస్త్రిగారు పశ్చాత్తాపమునఁ గుమిలిరి.

తుదకాయన యధ్యక్షుని బ్రతిమాలి "ఒక్క ప్రశ్నకు సరిగా బదులు చెప్పినచో సంతకము చేయుదును, లేనిచోఁ బరీక్ష యిట్లే సాగును" అను మాట పుచ్చుకొనెను. శిష్యురాలి తల్లి నూకాలమ్మను గూడ రప్పించి ముందువరుసలోఁ గూర్చుండఁబెట్టెను.

గంట మ్రోఁగెను. ఆచార్యుఁడు వాత్సల్యముతో నడిగెను.

"అమ్మా, పున్నమనాఁడు పోటేల హెచ్చును?"

పసిపిల్లయుఁ జెప్పఁగల ప్రశ్న. గంట విన్నంతనే యేడ్చుట కలవాటుపడిన యుమామంజరి కన్నులు ముందే నిండినవి. ఆమె తలఁ బట్టుకొని, "గురువర్యా, నిజముగనే జ్ఞప్తికి రాకున్నది" అని వెక్కి వెక్కి యేడ్చెను. అయ్యో, ఆ దినపు టేడుపునందు నటన లేశమైనను లేదు.

నూకాలమ్మ తాళఁజాలక లేచి, "ఓసి నా తల్లీ! చందమామ లాగుతాడు గదే! సిన్నప్పుడు నేనే సెప్పినాను గదే!" యని యఱచుచు వేదికపైకిఁ బరుగెత్తెను. జనులు విరగఁబడి నవ్విరి.

అధ్యక్షుఁడు సంతకమునకై తెచ్చిన కలమును మూసి, ప్రక్కనున్న యుద్యోగితో మెల్లగా ననెను. "ముసలమ్మ మిగుల బాగున్నది. రేపటినుండి యీమెనుఁ గూడ రప్పింపుము."

తల్లి చెంగుతోఁ గూఁతురి కన్నులు తుడుచుచుండఁగా జనులు మఱలఁ జప్పట్లు చఱచిరి.