తుడవని ఇల్లు

పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని కిటికీ అంచు తుడవడం. గుడ్డ ఒక్కసారి లాగితే చాలు, నల్లగా వచ్చేస్తుంది. మా వీధి చివర బొగ్గు యార్డు ఉంది. రాత్రంతా లారీలకి బొగ్గు ఎత్తుతారు, ఆ పొడిని గాలి మా ఇళ్లలోకి మోసుకొస్తుంది. గాలికి జీతం లేదు, నాకూ లేదు. అది తెచ్చి పోస్తుంది, నేను ఎత్తిపోస్తాను. కిటికీ అయ్యాక మంచాలు, ఆ తర్వాత కడిగి బోర్లించిన గిన్నెలే మళ్లీ కడగడం. మా అత్తగారికి ఆయాసం. దుమ్ము తగలనివ్వకండి అని డాక్టరు చెప్పినప్పుడు మా ఆయన నావైపు చూశాడు, దుమ్మంతా నేనే పెంచి పోషిస్తున్నట్టు.

అందుకే వీధి కమిటీలో చేరాను. బొగ్గు కుప్పల మీద కప్పు ఉండాలి, ఇళ్ల మధ్య లోడింగ్ జరగకూడదు అని మున్సిపాలిటీ ఒక రూలు తేవాలి. మేం అడిగేది అంతే. వంట ముగించుకుని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు అడిగేవాళ్లం. 'మీ ఇళ్లలో మగవాళ్లెవరూ లేరా, మీరొచ్చారు?' అనేవాళ్లు కొందరు. మీటింగుల్లో మాట్లాడేది మాత్రం మా ప్రెసిడెంటు గారు, రిటైరైన లెక్చరర్. 'తిరిగే పని మీ ఆడవాళ్లు చూడండమ్మా, మీకు ఓపికెక్కువ' అనేవారు. ఇంటికొస్తే మా ఆయన, 'ఊరిని ఉద్ధరించడం అయిపోతే కాస్త టీ పడేస్తావా?' అని నవ్వేవాడు. నేనూ నవ్వేసి టీ పెట్టేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

కిందటి నెల మున్సిపాలిటీ ఆఫీసరు ఇళ్లు చూడ్డానికి వస్తానన్నాడు. రూలు వస్తుందా రాదా అన్నది ఆయన చూసి చెప్పేదాన్ని బట్టే. ఆ పొద్దున మేమంతా ఏం చేశామో చెబితే నవ్విపోతారు. పరాయి మనిషి ఇంట్లోకి వస్తున్నాడని కర్టెన్లు ఉతికాం, గుమ్మాలు కడిగాం, కిటికీలు తళతళలాడించాం. ఏ ఒక్క ఇల్లో కాదు, వీధి వీధంతా. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. అందరికంటే ఎక్కువ తిరిగిన నేను కూడా మంచం కింద దూరి మరీ తుడిచాను.

ఆఫీసరు కిటికీ అంచుమీద వేలు రాసి చూసుకున్నాడు. ఏమీ అంటలేదు. 'ఇల్లు ముచ్చటగా పెట్టుకున్నారమ్మా' అన్నాడు. పెళ్లయ్యాక నా పనిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. సిగ్గులేకుండా పొంగిపోయాను కూడా. ఆయన మెట్లు దిగిపోయాక గానీ మేం ఏం చేజార్చుకున్నామో తలకెక్కలేదు. ప్రెసిడెంటు గారు తల పట్టుకుని, 'ఈ ఆడవాళ్లున్నారే...' అంటూ ఆగిపోయారు. వాళ్లిల్లూ మెరిసిపోతూనే ఉంది. మెరిపించింది ఆయనైతే కాదు.

ఆ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, మళ్లీ ఒక్కసారి వచ్చి చూడమని ఒప్పించాం. ఈసారి ప్రతి గుమ్మంలోనూ నేను చెప్పింది ఒకటే మాట: ఆయన వచ్చేదాకా ఎవరూ గుడ్డ ముట్టుకోవద్దు.

'తుడవకపోతే మా అత్త ఇల్లు పీకి పందిరేస్తుంది వదినా' అంది పక్కింటి టైలరమ్మ.

'అంత బాధగా ఉంటే ఆవిణ్ణే తుడుచుకోమను' అన్నాను.

అన్నానే గానీ, నా ఇంట్లోనూ ఆయాసంతో ఒక అత్తగారు ఉంది. అంత దుమ్ములో ఆవిడ ఊపిరికేమైనా అయితే? కొన్నాళ్లు కూతురి దగ్గర ఉండి రమ్మని ఎలా అడగడమో తెలియక నసిగాను. ఆవిడే బట్టలు సర్దుకుంది. 'నా వయసంతా ఇదే తుడిచానే అమ్మాయ్. ఒక్కరి కంటికీ ఆనలేదు. ఈసారైనా కనపడనీ' అంది, ఆయాసపడుతూనే. నాకు ఏడుపొచ్చింది.

ఆఫీసరు వచ్చే వేళకి ఇల్లంతా నల్లటి పొర. మా ఆయన నడిచినచోటల్లా నేలమీద అడుగుల అచ్చులు పడుతున్నాయి. కుర్చీలో కూర్చోబోయి లేచాడు. 'ఇదేం కొంప? వచ్చినవాళ్లు మనల్నేమనుకుంటారు? పరువు తీస్తున్నావు' అంటూ వంటింట్లోకి వెళ్లి గుడ్డ తెచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ చేతిలో గుడ్డ చూడటం అదే మొదటిసారి. ఆయాసంతో తల్లి రాత్రుళ్లు లేచి కూర్చున్నప్పుడు పట్టని గుడ్డ, నేను జ్వరంతో పడున్నప్పుడు పట్టని గుడ్డ, పరువు కోసం పట్టాడు. నాకు కోపం కూడా రాలేదు. ఈ మనిషి దగ్గర ఇక నవ్వకూడదని మాత్రం అనుకున్నాను.

బెల్లు మోగింది.

'ఆ గుడ్డ ఇలా ఇవ్వండి' అన్నాను. నేను తుడుస్తాననుకుని హమ్మయ్య అని ఇచ్చేశాడు. మడిచి చంకలో పెట్టుకుని వెళ్లి తలుపు బార్లా తీశాను. ఆఫీసరు వెనక, మాట్లాడ్డానికి గొంతు సవరించుకుంటూ ప్రెసిడెంటు గారు. ఆయన నోరు తెరిచేలోగా నేనే అన్నాను.

'రండి సార్. కిందటిసారి మీకు నా చాకిరీ చూపించాను. మా ఇల్లు ఇదీ.'