మనం రెండు గడులు వెనక్కి

కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసే ఆవిడకు సొంత పేరంటూ ఒకటుందని కంప్యూటర్లో ఆమె నడిపే ఆట ఆడే నాలుగు వందల మందిలో ఒక్కరికీ తెలియదు. అందరికీ ఆవిడ రూలక్క. రూలు అడిగితే చెబుతుంది, చెప్పిందే మళ్ళీ అడిగితే తిడుతుంది. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, పెట్టినవాళ్ళు ఒకసారి తిట్లు తిన్నాకే పెట్టి ఉంటారు.

ఆట ఆమె కనిపెట్టింది కాదు. ముప్పయ్యొక్క ఏళ్ళ కిందట ఒక డ్రాయింగు మాస్టారు తయారుచేసి, ఐదు వందల పెట్టెలు అచ్చు వేయించి, ఆ తర్వాత ఎందుకో దాని జోలికే పోకుండా వదిలేసిన బల్ల మీది ఆట. పేరు 'ఏటి పడవలు'. రూలక్క చిన్నప్పుడు వాళ్ళింట్లో ఆ పెట్టె ఒకటి ఉండేది. మూడేళ్ళ కిందట మాస్టారి చిరునామా సంపాదించి, ఉత్తరం రాసి, 'ఊరికే ఆడించుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు' అని ఆయన చేత కాగితం రాయించుకుంది. పుస్తకాలు ముందేసుకుని ప్రోగ్రాము రాయడం నేర్చుకుంది. మందుసీసాల లేబుళ్ళు డిజైన్ చేసే చెల్లెల్ని బతిమాలి, బెదిరించి, పాత పెట్టెలోని బొమ్మలన్నీ మళ్ళీ గీయించింది. అలా కంప్యూటర్లో పడవలు కదిలాయి.

కదిలిన రోజు నుంచే ప్రశ్నలు. మధ్యాహ్నం క్యారియర్ విప్పి, ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో సమాధానాలు రాసేది.

'ఏరు మరీ నీలంగా ఉంది, కాస్త మార్చకూడదా?' అని ఒకరు. 'నాకు రంగులు కలపడం రాదు, ఆకాశంతో మాట్లాడుకోండి' అని ఈవిడ. 'రేవులో తాడేసి కట్టిన పడవను కూడా వరద తోసేస్తుందా?' అని ఇంకొకరు. 'తోస్తుంది. కార్డు మీద మనం అని ఉంది కదా. తాడు కట్టుకున్నంత మాత్రాన పరాయివాడివైపోతావా?'

ఆ వరద కార్డు గురించి చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. నలుగురు ఆడతారు, ఇద్దరిద్దరు ఒక జట్టు. ఒకే జట్టువాళ్ళు ఒకరి కార్డులు ఒకరు చూసుకోవచ్చు. చేతిలో మూడు కార్డులు ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోవచ్చు. నలభై ఎనిమిదో గడి రేవు. ఏ పడవ ముందు చేరితే ఆ జట్టు గెలిచినట్టు, కాకపోతే రేవు చేరడానికి పాచిక మీద సరిగ్గా కావలసినన్ని గడులే పడాలి. నలభై అయిదులో ఇసుకమేట ఉంది, అందులో చిక్కితే ఒక వంతు పోతుంది. వరద కార్డు మీద రెండే రెండు వాక్యాలు: 'వరద వచ్చింది. మనం రెండు గడులు వెనక్కి.'

మనం అంటే ఎవరో మనకు ఒకరు చెప్పాలా? అన్నవాడూ, విన్నవాడూ, పక్కన కూర్చున్నవాడూ, అందరూ. కాబట్టి నాలుగు పడవలూ వెనక్కి పోతాయి. వెనకబడ్డవాడికి పోయేదేం లేదు. నలభై ఏడులో నిలబడి మీసం దువ్వుకునేవాడు మాత్రం సరాసరి ఇసుకలోకి దిగబడతాడు.

రూలక్కకు ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న అలాగే నలభై ఏడులో నిలబడ్డాడు. ఆయన ఏ ఆటలోనూ ఓడిపోయి ఎరగడు, ఇంట్లో ఏ మాటలోనూ ఓడిపోయి ఎరగడు. రూలక్క అంతసేపూ దాచుకున్న వరద కార్డు తీసి బల్ల మీద పెట్టింది. నాన్న ఆ రెండు వాక్యాలూ మూడుసార్లు చదివాడు. అచ్చులో ఉన్న మాట కాబట్టి కిక్కురుమనకుండా తన పడవ తనే వెనక్కి జరుపుకున్నాడు. ఆ ఇంట్లో ఆయనకు ఎదురు నిలవచ్చని ఆ పిల్లకు తెలిసింది ఆ రోజే. పక్కన కూర్చున్న వాళ్ళమ్మకు కూడా ఆ రోజే తెలిసిందని రూలక్క గట్టి నమ్మకం.

ఆటగాళ్ళలో తెడ్డు అనే మారుపేరుతో ఒకడున్నాడు. బాగా ఆడతాడు, అంతకంటే బాగా వాదిస్తాడు. గెలుస్తాడనుకున్న మూడు ఆటలు వరుసగా వరదకు పోగొట్టుకుని, 'ఇది అన్యాయం, రూలు మార్చండి' అని గోల పెట్టాడు. రూలక్క మార్చలేదు. ఆవిడతో వాదించి గెలవలేక, ఎలా పట్టుకున్నాడో గాని, నేరుగా మాస్టారికే ఉత్తరం రాశాడు.

బుధవారం పొద్దున రూలక్క ఒక ఫ్రేములో అద్దం బిగిస్తుండగా ఫోన్ మోగింది. ఆటగాళ్ళ అభిప్రాయాల పేజీలో కొత్త పేరుతో ఎవరో రాశారు.

'నేను ఈ ఆట చేసినవాడిని. వరద కార్డు మీద నేను రాసింది మేము రెండు గడులు వెనక్కి అని. అంటే కార్డు చేతికొచ్చిన జట్టు మాత్రమే. అచ్చులో కంపోజిటరు మనం అని కూర్చాడు. ఆ మాట నాది కాదు. ఆదివారం సాయంత్రం లోపల సరిదిద్దండి. లేకపోతే నేనిచ్చిన అనుమతి రద్దు. ఆట మూసేయండి.'

రూలక్క చేతిలో అద్దం టక్కుమని అంచు విరిగింది. ఆరేళ్ళలో ఆమె చేతిలో విరిగిన మొదటి అద్దం అది.

ఇక చూడాలి ఆ పేజీ. 'నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను' అని తెడ్డు. 'చేసినాయనే చెప్పాక ఇంకేముంది, మార్చేయండి రూలక్కా' అని సగం మంది. 'మారిస్తే మేం ఆడం' అని మిగతా సగం. నాలుగు వందల మంది రెండు ముక్కలయ్యారు. మూడేళ్ళ పని ఒక మాట మీద నిలబడి ఉంది.

శుక్రవారం షాపుకు సెలవు. రూలక్క బస్సెక్కి మాస్టారి ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తులో చిన్న వాటా, గోడల నిండా పెన్సిలు బొమ్మలు. ఆయన సన్నగా, నిటారుగా ఉన్నాడు. కళ్ళజోడు మాత్రం ముక్కు మీద ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. అది చూసి రూలక్కకు చేతులు దురద పెట్టాయి.

"మాస్టారూ, గొడవ తర్వాత పడదాం. ముందు ఆ కళ్ళజోడు ఇలా ఇవ్వండి."

ఆయన బిత్తరపోయి తీసిచ్చాడు. సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, మరలు బిగిస్తూ మొదలుపెట్టింది.

"కార్డు ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోవచ్చని మీరే రాశారు. మేము అని ఉంటే ఈ కార్డు ఎవడు వేస్తాడండీ? తన పడవ తనే వెనక్కి నెట్టుకునే తెలివితక్కువవాడు ఉంటాడా?"

"ఎవడూ వెయ్యడమ్మా. అందుకే పెట్టాను దాన్ని. చేతిలో ఉండేవి మూడు కార్డులు, అందులో ఒకటి ఎందుకూ పనికిరాదు. ఆట అయ్యేదాకా మొయ్యాలి. ఎవరి ఖర్మ వాళ్ళు మొయ్యాలి, అవతలివాడి నెత్తిన రుద్దకూడదు. అదీ నేను చేసిన ఆట."

ఇంతకాలం రూలక్క ఇలా ఆలోచించనే లేదు. ఇప్పుడు ఆలోచించినా నచ్చలేదు.

"వరదొస్తే ఒక్కళ్ళ పడవే కొట్టుకుపోతుందా అండీ?"

"ఇది ఆట. నిజం వరద కాదు."

"పోనీ, మనంతో మీరు ఒక్కసారైనా ఆడి చూశారా?"

"తప్పుతో ఎలా ఆడతానమ్మా?" ఆయన గొంతు పెరిగింది. "నాలుగేళ్ళు పట్టింది నాకు ఆ ఆట. పెట్టెలు వచ్చిన రోజు మొదటి పెట్టె విప్పి చూస్తే అది. ఐదు వందల కార్డుల మీదా చీటీలు అంటిద్దామంటే ప్రెస్సువాడు నవ్వాడు. ఎవరు చూస్తారండీ, ఒక్క మాటే కదా అన్నాడు. ఒక్క మాటే! ఆ రోజు నుంచి నేను దాన్ని ముట్టుకోలేదు."

రూలక్కకు జాలేసింది. ముప్పయ్యొక్క ఏళ్ళు ఒక అచ్చుతప్పును గుండెల మీద పెట్టుకుని బతికిన మనిషి. కానీ జాలేసినంత మాత్రాన రూలు మారిపోదు. ఆమె కళ్ళజోడు తుడిచి ఆయన చేతికిచ్చింది.

"మీకది తప్పు మాస్టారూ. నాకు అదే ఆట."

"ఆదివారం సాయంత్రం," అన్నాడాయన కళ్ళజోడు పెట్టుకుంటూ. అది ఈసారి తిన్నగా నిలబడింది. ఆ సంగతి ఒప్పుకోవడం కూడా ఇష్టం లేనట్టు ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

శనివారం చెల్లెలు వచ్చి నచ్చజెప్పబోయింది.

"ఒక్క మాట మార్చేస్తే పోయేదానికి ఎందుకే అక్కా ఇంత పంతం? నా బొమ్మలన్నీ ఏట్లో కలిపేస్తావా?"

"ఒక్క మాటే కదా అని ఆయనతో కూడా ఎవడో అన్నాట్ట. నువ్వూ అదే అను. ఓడిపోయేవాడికి ఉన్నది ఆ ఒక్క కార్డే, తెలుసా? అది కూడా లాక్కుని, నీ ఖర్మ నువ్వు మోసుకోరా అనమంటావా? నేను అనను. ఆయన చేసినాయనే కావచ్చు, నేను అనను!"

"సరే, అనకు. మరి రేపు మూసేస్తావా?"

రూలక్క మాస్టారు రాసింది మళ్ళీ తీసి చదివింది. చదివి, చెల్లెలికి వినపడేలా ఒక వాక్యం పైకి చదివింది.

"ఆ మాట నాది కాదు."

"అయితే?"

"ఆయనది కానిది ఆయన ఎలా వెనక్కి తీసుకుంటాడే?"

చెల్లెలు చీర కొంగు నడుముకు దోపుకుని కంప్యూటరు ముందు కూర్చుంది.

ఆదివారమంతా పీకడమే పని. పడవలు మాస్టారివి, తీసేశారు. ఏరు మాస్టారిది, తీసేశారు. రేవు, ఇసుకమేట, తెడ్లు, తెరచాపలు, గట్టు మీద కొంగలు కూడా పోయాయి. నలభై ఎనిమిది గడులూ ఆయన లెక్కే కదా అని యాభై మూడు చేశారు. ఇసుకమేట పోయిన చోట, చివరికి మూడు గడుల ముందు, ఒక గుంట తవ్వారు. వరద కూడా ఆయనదే, దాని బదులు గాలి పెట్టారు. ఆట పేరు పోయింది. ఒక్కొక్కటి పోతుంటే చెల్లెలు ముక్కు చీదుతూనే ఉంది, చేతులు మాత్రం ఆపలేదు. సాయంత్రానికి తెర మీద మిగిలింది తెల్లటి గడులు, నాలుగు రంగుల చుక్కలు, బొమ్మల్లేని కార్డులు. ఒక కార్డు మీద, 'గాలి ఎదురు తిరిగింది. మనం రెండు గడులు వెనక్కి.'

రూలక్క మాస్టారికి అందరూ చూసే పేజీలోనే రాసింది.

'మాస్టారికి నమస్కారం. మీ ఆట మూసేశాను. మీ పడవలూ, మీ ఏరూ, మీ వరదా మీకు అప్పగించాను. పెట్టె మీది పేరు కూడా. మనం అనే మాట మాత్రం ఉంచుకుంటున్నాను. అది మీది కాదని మీరే రాశారు. కొత్త ఆట రేపు మధ్యాహ్నం మొదలు. ఇష్టమున్నవాళ్ళు రావచ్చు.'

సోమవారం మధ్యాహ్నం క్యారియర్ విప్పేసరికి నూట పది మంది వచ్చి ఉన్నారు. మిగతావాళ్ళు రాలేదు. వచ్చినవాళ్ళయినా మెచ్చుకున్నారా అంటే అదీ లేదు. 'ఇది ఆటా, గుండీల డబ్బానా?' అని ఒకరు. 'నా పడవ ఏది?' అని ఇంకొకరి ఏడుపు మొహం. రూలక్క ఎవరికీ జవాబు రాయకుండా, తెర మీద ఖాళీ ఉన్న ఒక బల్ల దగ్గర తన చుక్క పెట్టి కూర్చుంది. ఆమె జట్టులోకి చెల్లెలు వచ్చింది. అవతలి జట్టులోకి తెడ్డు వచ్చాడు. ఆఖరి కుర్చీలోకి మాస్టారు వచ్చాడు.

పాచిక దొర్లింది.

మాస్టారు నెమ్మదిగా, పొల్లుపోకుండా ఆడాడు. ఆట మధ్యకు వచ్చేసరికి తెడ్డు గోల మొదలైంది. 'మాస్టారూ, అది ఇప్పుడే వెయ్యకండి, దాచండి!' అని రాశాడు. ఇంకాసేపటికి, 'ఇప్పుడు వెయ్యండి!' ఇంకాసేపటికి, 'అయ్యా, వెయ్యండి, మీకు దణ్ణం పెడతాను!' చేతిలో ఉన్నదేమిటో అవతలి జట్టుకు తెలిసేలా అరవకూడదని రూలు. రూలక్క ఆ మాట గుర్తుచేయలేదు. ఆమె చుక్క యాభై రెండులో ఉంది, ఇంకొక్క గడి. మాస్టారి చుక్క యాభై రెండులోనే ఉంది. ఆయన వంతు. ఆ కార్డు వేస్తే నాలుగు చుక్కలూ వెనక్కి పోతాయి, ఇద్దరూ యాభైలోని గుంటలో పడతారు, నలభై తొమ్మిదిలో ఉన్న తెడ్డు నలభై ఏడుకు పోయినా రెండు వంతుల్లో దాటేస్తాడు.

వెయ్యండి మాస్టారూ, అనుకుంది రూలక్క. ఓడిపోతానని తెలిసే అనుకుంది.

ఆయన వెయ్యలేదు. పాచిక వేశాడు, ఒకటి పడలేదు. రూలక్కకు ఒకటి పడింది, ఒక్క గడి జరిగి గెలిచింది.

ఆట ముగిశాక అందరి కార్డులూ తెర మీద తిరగబడతాయి. మాస్టారి చేతిలో గాలి కార్డు ఉంది. ఆరో వంతులో వచ్చింది, చివరిదాకా అలాగే మోశాడు. తెడ్డు తల బాదుకుంటున్న బొమ్మలు వరసగా పదమూడు పెట్టాడు.

వాటి కింద మాస్టారు రాశాడు: 'రూలు తప్పు. ఇంకో ఆట వెయ్యమ్మా.'

రూలక్క అన్నం చల్లారిపోయింది. షాపు ముందుగదిలోంచి ఎవరో పిలుస్తున్నారు. ఆమె రెండు చేతులతోనూ టైపు చేసింది.

'రూలు మారదు మాస్టారూ. కూర్చోండి, పంచుతున్నాను.'