గొలుసు ప్రార్థన

మత్తయ్య ఎసట్లో బియ్యం పోస్తున్నాడు. తోపులో విద్యార్థుల పాట రెండో చరణంలోకి వచ్చింది. అంటే నీళ్లు సరిగ్గా మరిగినట్టే.

ఆయనకు గడియారం చూడటం రాదు. శంషాబాద్ శివారులోని ఈ మామిడితోపులో, ప్రతి మే నెలలో పట్నం కాలేజీల నుంచి వచ్చే క్రైస్తవ విద్యార్థుల శిబిరానికి పదేళ్లుగా ఆయనే వంటవాడు. పాట మొదలైతే ఎసరు, రెండో చరణానికి బియ్యం, వాక్యపాఠం సగమయ్యేసరికి గంజి వార్చడం. పాఠం చెప్పే అయ్యగారు ఉత్సాహంలో పడి చివరి మాటకు మరో చివరి మాట కలిపితే ఆ రోజు అన్నం ముద్దయ్యేది. ఎందుకు ముద్దయిందో తినేవాళ్లకు తెలిసేది కాదు. మత్తయ్య చెప్పేవాడు కాదు.

పొట్టి మనిషి. కట్టెల సెగకు మాడి మాడి కనుబొమలు పలచబడ్డాయి. కుడి ముంజేతి నిండా నూనె చిట్లిన మచ్చలు. గుండిగలు మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక బియ్యం దొరకడం కష్టమైంది. సగం రోజులు జొన్నరొట్టెలే. ఇవాళ మాత్రం అన్నం. ఇవాళ ఆయన కూతురు యేసుమణి ఊరు విడిచి వెళుతోంది.

కర్నూలు వైపు ఎక్కడో మిషను దవాఖానలో నర్సు చదువు. మూడేళ్లు. మొదటి రెండేళ్లు ఇంటికి పంపరు. పన్నెండున్నర బండికి ప్రయాణం. తల్లి సరోజమ్మ ఆమెను తీసుకుని ముందే స్టేషనుకు నడిచింది. పొద్దున పొయ్యి దగ్గర నిలబడి యేసుమణి అడిగింది.

"బాపూ, నువ్వు రావా?"

"ఎందుకు రాను బిడ్డా? వాళ్లకింత వడ్డనకు దించి, ప్రార్థన కాంగనె ఉరికొస్త."

"నువ్వు కనవడకుంటె నేను ఎక్క."

"ఎక్కకుంటె ఆ దవాఖాన దొరసాని నన్ను దంచుతది," అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

యేసుమణికి అక్షరాలు వచ్చింది ఈ తోపులోనే. ఏ ఏడు వచ్చిన ఆడపిల్లలు ఆ ఏడు నేర్పారు. ఒకరు బొగ్గుతో బండ మీద అ ఆలు రాయించారు. ఇంకొకరు ఎక్కాలు అప్పజెప్పించుకున్నారు. మత్తయ్య పొయ్యి ఊదుకుంటూ వినేవాడు. పదమూడో ఎక్కం దగ్గర కూతురు తడబడితే ఆయన ఊదడం ఆగిపోయేది.

శిబిరం కార్యదర్శి ఏలియా బందరు వైపు మనిషి. కాలేజీలో పాఠాలు చెబుతాడు. మెత్తని వాడు. సెలవు అడిగినప్పుడు, "తప్పకుండా వెళ్లు మత్తయ్యా, అమ్మాయి ప్రయాణం కదా," అన్నాడు.

పాఠం ముగిసింది. ముప్పయి మందికి పైగా విస్తళ్ల ముందుకు వచ్చారు.

"మత్తయ్యన్నా, ఇది మామిడికాయ పప్పా, పప్పు వేసిన మామిడికాయా?" అన్నాడొక కుర్రాడు.

"తిని చెప్పు. అడిగేటోనికి ఒక గంటె తక్కువ," అన్నాడు మత్తయ్య. నవ్వులు లేచాయి. ఆయన కళ్లు కొమ్మకు తగిలించిన ఉతికిన అంగీ మీదున్నాయి. భోజనం ముందు ప్రార్థన ఒక్క ఊపిరి పని. అది కాగానే వెళ్లిపోవచ్చు.

ఏలియా చెయ్యెత్తాడు. "ఇవాళ మన మత్తయ్య కూతురు చదువుకోవడానికి వెళుతోంది. మన అక్కలు అక్షరాలు నేర్పిన పిల్ల. ఆమె కోసం గొలుసు ప్రార్థన చేద్దాం. మత్తయ్యా, నువ్వు కూడా రా."

గొలుసు ప్రార్థన ఎప్పుడూ సాయంత్రాలే జరిగేది. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడతారు. ఒకరు ఒక మాట ప్రార్థించి పక్కవారి చెయ్యి నొక్కుతారు. వారు అందుకుంటారు. ఆ సమయంలో మత్తయ్య దూరంగా బోకులు తోముకునేవాడు. ఆ గుండ్రంలోకి ఆయన్ను పిలవడం ఇదే మొదటిసారి. మసి చేతులు పంచెకు తుడుచుకుంటుండగానే అటొకరు ఇటొకరు పట్టేసుకున్నారు. కలం తప్ప ఏమీ ఎత్తని మెత్తటి వేళ్లు. గొలుసు ఏలియాతో మొదలై మత్తయ్య దగ్గర ముగియాలి.

ఒకరు ఆమె ఆరోగ్యం అడిగారు. ఒకరు మంచి స్నేహితురాళ్లను అడిగారు. ఒకమ్మాయి మాట పెగలక ఏడ్చింది, ఆమె కోసం అందరూ ఆగారు. మంచి మాటలు. ఇంతమంది తన బిడ్డ పేరు దేవునికి చెప్పడం మత్తయ్య ఎప్పుడూ వినలేదు. పది చేతులు దాటాక స్టేషను వైపు నుంచి కూత వినిపించింది. బండి వచ్చింది.

చెయ్యి విడిపించుకుంటే? గొలుసు తెగుతుంది. బిడ్డ కోసం అల్లుతున్న గొలుసు తండ్రి చేతిలోనే తెగితే? కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. ఇరవై. ఇరవై అయిదు. పప్పు మీద తొరక కట్టింది. చివరికి కుడి అరచేతిలో చిన్న నొక్కు తగిలింది.

"ప్రభువా," అన్నాడు మత్తయ్య, "బండిని జర ఆపు. ఆమెన్."

కొందరు కిసుక్కున నవ్వారు. ఏలియా నవ్వలేదు. అప్పుడే చేతి గడియారం చూసుకున్నాడు. ఆయన తలెత్తేసరికి మత్తయ్య తోపు దాటి పరుగెడుతున్నాడు. అంగీ కొమ్మకే ఉంది.

మైలు దూరం. అరికాళ్ల కింద మట్టి పెనంలా కాలుతోంది. సగం దారిలో మళ్లీ కూత వినిపించింది, తర్వాత చక్రాల చప్పుడు. ఆయన పరుగు తగ్గించలేదు. చప్పుడు పూర్తిగా ఆగిపోయాక కూడా తగ్గించలేదు.

స్టేషనులో సరోజమ్మ ఒక్కతే బల్ల చివర కూర్చుని ఉంది. మసి బనియనులో రొప్పుతున్న భర్తను పై నుంచి కింది దాకా చూసింది.

"ఏంది మణి బాపూ, గింత సేపా?"

"మన బిడ్డ కోసమే ప్రార్థన చేసిండ్రు. అందరు. ఒకలెనుక ఒకలు. నా చేతులు పట్టుకొని."

సరోజమ్మ కొంగుతో ఆయన మెడ మీద చెమట తుడిచింది.

"ఇయ్యాల ఇంజనుకు నీళ్లు పట్టిండ్రు," అంది. "రోజుకన్న శాన సేపు ఆగింది. తలుపు కాడనె నిలవడ్డది పిల్ల. గార్డు కోపం జేసినంక లోపటికి పోయింది."

మత్తయ్య పట్టాల వైపు చూశాడు. అవి ఎండకు మెరుస్తూ పాల్మాకుల వైపు వంపు తిరిగి పోయాయి.

"ఎండల ఉరికొస్తవని బిడ్డ నీ కోసం కొని పెట్టింది. తాగు. సోడాయన సీసా కోసం కూసున్నడు."

బల్ల మీద, యేసుమణి కూర్చున్న చోట, సోడా సీసా నిలబడి ఉంది. చల్లదనం ఎప్పుడో పోయింది. గోళీ మాత్రం ఇంకా పైకి బిగుసుకునే ఉంది, ఎవరూ నొక్కలేదు.