నీలం బండి పుల్లలు

ఇనారి సరస్సు గడ్డకట్టినా తౌనో నోరు గడ్డకట్టదని ఊళ్ళో అందరూ అనుకునేదే. సరస్సు ఉన్నచోట సరసం ఉండొద్దా అంటాడు తను. మనుషుల మధ్య పుల్లలు పెట్టడంలో ఘనుడు. అంతటివాడు, సరస్సు మధ్య దీవి మీది గుడిసెలో పెట్టాల్సిన పుల్లలు మాత్రం పెట్టకుండా వచ్చేశాడు.

తాళంలేని గుడిసె అది. మంచులో తిరిగేవాళ్ళు ఎవరైనా తలదాచుకోవచ్చు. వెళ్ళేవాడు, రాబోయేవాడి కోసం పొయ్యి పక్కన పెట్టె నిండా కట్టెలు చీల్చి పెట్టి మరీ వెళ్ళాలి. అక్కడ కట్టెలే కట్టుబాటు. ఆ సంగతి గోడమీద ఎర్రరంగుతో రాసింది కూడా తౌనోనే. ఒక గురువారం మాత్రం ఊళ్ళో చేపలు పట్టే పోటీకి గాలాలు సిద్ధం చేసుకోవాలన్న తొందరలో, "ఈ గాలిలో ఎవడొస్తాడులే" అనుకుని స్కీలు తొడుక్కుని బయల్దేరాడు.

శనివారం సరస్సుమీద పోటీ అయింది. తౌనోకి రెండో బహుమతిగా కాఫీ పొట్లం దక్కింది. మంచుమీదే మంట వేసుకుని, సాసేజీలు కాల్చుకుంటూ జనం చుట్టూ చేరారు. అప్పుడొచ్చింది సిల్వి. డెబ్బై దాటిన మనిషి. వెనకాల మంచుమీద లాక్కొచ్చే నీలం చెక్కబండి లేకుండా ఆమెను ఎవరూ చూసి ఎరగరు. అలాంటిది ఇవాళ గాలాలూ, మంచు తొలిచే బరమా, అన్నీ వీపున మోసుకొస్తోంది.

"ఏం సిల్వక్కా! బండికి సెలవిచ్చి నువ్వే బండివయ్యావేంటి?" అరిచాడు తౌనో.

"బండిని కాల్చేశాను."

"కాల్చేశావా!"

"మరి నన్ను నేను కాల్చుకోనా? మొన్న గాలికి తట్టుకోలేక దీవి గుడిసెలో దూరితే పెట్టె ఖాళీ. కట్టెల కొట్టం తలుపేమో మంచులో కూరుకుపోయింది. వేళ్ళు కొయ్యబారాయి, గొడ్డలి పట్టు చిక్కలేదు. బండినే గడపకేసి బాది ముక్కలు చేశాను. మా ఆయన చేసిన బండి. బాగానే మండిందిలే, ఆయన కోపంలాగే."

అందరూ నవ్వారు. తౌనో కూడా నవ్వబోయాడు. పెదాలు కదిలాయి గానీ చప్పుడు రాలేదు.

"నాలుగు నీలం పుల్లలు మిగిలితే పెట్టెలో పెట్టొచ్చాను. తర్వాత వచ్చేవాడికి ఉండాలిగా" అంది సిల్వి, కాఫీ ఊదుకుంటూ.

తౌనో పక్కనే సాసేజీ కాల్చుకుంటున్న అస్లాక్ తల తిప్పి, అవతలి మంట దగ్గర కూర్చున్న హెల్సింకీ జంటను చూపించాడు. "ఆ దక్షిణాది వాళ్ళ పనే! ఆ దారినే వచ్చారు. మీట నొక్కితే వేడొచ్చే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి కట్టె విలువేం తెలుసు? తౌనో, గోడమీద రాసినవాడివి నువ్వు. వెళ్ళి నాలుగు తగిలించు."

అందరి కళ్ళూ తౌనో మీదకొచ్చాయి. అటు ఆ హెల్సింకీ అమ్మాయికి ఇవేవీ వినపడలేదు. అస్లాక్ తమవైపు చూపించడం చూసి నవ్వుతూ చెయ్యి ఊపింది.

"నేనే" అన్నాడు తౌనో.

"ఏంటి? వినపడట్లా. గట్టిగా చెప్పు" అన్నాడు అస్లాక్.

ఆ మాట తౌనోతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు.

"నేనే! కట్టెలు పెట్టకుండా వచ్చింది నేనే!"

అలవాటైన గొంతు, హద్దు తెలియలేదు. సరస్సు ఆ ఒడ్డుదాకా వినపడింది. దూరాన మంచులో తొలిచిన కన్నాల ముందు గాలాలు వేసుకుని ఇంకా కూర్చున్నవాళ్ళు సైతం తలలెత్తి చూశారు. అస్లాక్ చేతిలో సాసేజీ నిప్పుల్లో పడింది.

కాఫీ కప్పు కింద పెట్టి సిల్వి అడిగింది: "బండి చెయ్యడం వచ్చా?"

"రాదక్కా."

"మా ఆయన రంపం, చిత్రిక ఉన్నాయి. రేపు రా, నేర్చుకుందువుగాని."

"రంగు..."

"నీలమే."

సాయంత్రం ఆమె సామానంతా తౌనోయే మోసుకెళ్ళాడు. బరమా మెడకు తగులుతోంది. వెనకాలే అస్లాక్, ఇంకో నలుగురు. సామాను కింద సగం వంగి నడిచే మనిషిబండి మీద వేయడానికి పది జోకులైనా ఉంటాయి, తౌనోకే తోచాయి. దారి పొడుగునా చెవులు వెనక్కే పెట్టి నడిచాడు, ఎవరైనా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి విసిరితే బాగుండునని.

ఎవరూ విసరలేదు.